అంచున ఏడు పేర్లు

తెనాలి బట్టల బజారులో తెల్లగుడ్డ తాను విప్పినప్పుడు వచ్చే గంజి వాసన తగిలితే చాలు, అంగలకుదురులో మా అమ్మమ్మ మరియమ్మ ఇంటి వసారా గుర్తుకొస్తుంది. నాట్లు ముగిసి, కోతలు ఇంకా మొదలవని ఆ చల్లటి మధ్యాహ్నాల్లో, ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆరుగురు వేయించిన శనగలు కొంగున కట్టుకొచ్చి, బురదలో నాని పగిలిన వేళ్లతోనే, క్రిస్మస్‌కి గుడిలో బలిపీఠం మీద పరిచే గుడ్డను అమ్మమ్మతో కలిసి కుట్టేవాళ్లు. గొలుసుకుట్టుతో ద్రాక్షతీగలు, కాడకుట్టుతో వరికంకులు, మధ్యమధ్య ఊరి కబుర్లు, నవ్వులు, సూది గుచ్చుకుంటే ఒక తిట్టు.

పండగనాడు పాస్టరుగారు ఆ గుడ్డ కొనిచ్చిన సంఘపెద్దకు వందనాలు చెప్పేవారు. కుట్టినవాళ్ల ఊసే ఉండేది కాదు. నాకు పదేళ్లప్పుడు అమ్మమ్మ నా చేతికి పెన్సిలిచ్చింది.

"అంచు మీద మా ఏడుగురి పేర్లూ రాయవే. నాకు చదువు రాదుగానీ, గీసినదాని మీద కుట్టడం వచ్చు."

రాశాను. ఎర్రదారంతో కుట్టేశారు.

ఆ క్రిస్మస్‌కి, ఆరాధన అయ్యి గుడి ముందు అరిసెలు పంచుతుంటే సంఘపెద్ద వచ్చాడు.

"దేవుడి దగ్గర మనుషుల పేర్లేంటి, మరియమ్మా? విప్పెయ్."

"మీ నాన్నగారి పేరు గుడిగోడ మీద రాతిలో చెక్కించారు కదండీ. అది తీయించండి, ఇదీ విప్పేస్తాను."

ఆయన గుడి లోపలికి వెళ్లిపోయాడు. మరుసటి ఆదివారానికి పేర్లున్న అంచు గోడవైపు తిరిగి ఉంది. మొదటి పాట ఎత్తుకోకముందే అమ్మమ్మ లేచి వెళ్లి, అందరూ చూస్తుండగా దాన్ని జనంవైపు తిప్పింది. సిగ్గుతో నేను తల దించుకున్నాను. ఆపై ఆదివారం మళ్లీ గోడవైపే ఉంది, అమ్మమ్మ మళ్లీ తిప్పింది. మూడో ఆదివారం ఆమెతో పాటు ఆ ఆరుగురూ లేచారు. అప్పుడు నేనూ తలెత్తి చూశాను. ఆ తర్వాత దాన్నెవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ వసారా లేదు. గుడిలో మిషను మీద కుట్టిన గుడ్డ పరుస్తున్నారు. మూలపడేసిన ఆ గుడ్డను అడిగి తెచ్చుకుని, మొన్న తెనాలిలో చేతిపనుల ప్రదర్శనకు ఇచ్చాను.

"చీటీ మీద 'పాతకాలపు పల్లె పనితనం' అని రాస్తే సరిపోతుంది కదండీ. పేర్లెందుకు మేడమ్?" అన్నాడు ప్రదర్శన నడిపే అతను.

"అయితే మడిచి ఇంటికి పట్టుకెళ్తానండి" అన్నాను.

అతను పెన్ను తీశాడు. మరియమ్మ, రాహేలమ్మ, దీనమ్మ, కోటమ్మ, సువార్తమ్మ, ఎలీసమ్మ, కరుణమ్మ. ఒక్కొక్క పేరూ అతను రాయడం పూర్తయ్యాకే తర్వాతిది చెప్పాను. ఆ ఏడుగురిలో ఒక్కరి ఫొటో కూడా ఈరోజు ఎవరి దగ్గరా లేదు.