నలభై రోజుల ఎండ

మొన్న తిరువూరులో మోకాళ్ళ నొప్పులకని వెళితే, డాక్టరు గారు రక్తపరీక్ష కాగితం చూసి, డి విటమిను బాగా తగ్గిందండీ, వారానికోసారి ఈ పొడి పాలల్లో కలుపుకుని తాగండి అన్నారు. ఆయన నవ్వుతూనే చెప్పారు గానీ, ఆ పేరు వింటే నాకు చెల్లెలే గుర్తొస్తుంది.

నేను సైన్సు మాస్టారుగా కొత్తగా చేరిన రోజులవి. రెడ్డిగూడెంలో కాపురముంటున్న చెల్లెలికి రక్త క్యాన్సరని బెజవాడలో తేల్చారు. మొదటి విడత మందుకు కాస్త తేరుకుంది, రెండో విడతకు తేదీ కూడా ఇచ్చారు. సరిగ్గా అప్పుడే ఏదో సైన్సు పత్రికలో, డి విటమిను తగిలితే ఆ క్యాన్సరు కణాలు కొన్ని మామూలు కణాల్లా ఎదిగి, పెరగడం మానేస్తున్నాయని చదివాను. అది గాజు పళ్ళెంలో పెంచిన కణాల సంగతని అందులోనే రాసి ఉంది, నేనే పట్టించుకోలేదు. ఎండ తగిలితే ఒంట్లో డి విటమిను తయారవుతుందని ఏటా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, ఇంక నాకు తిరుగేముంది!

ఆ తెలివికి మా ఇంటి ఆచారం తోడైంది. ఏ కష్టమొచ్చినా నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామికి మొక్కుకుని మండలం పట్టడం మాకు అలవాటు. ఈ ఎండ వైద్యాన్నీ అలాగే నలభై రోజులని లెక్కగట్టి, చెల్లెలు వాళ్ళ మామిడితోట పక్కన మంచం వేయించి, రోజూ మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టాను. ఆసుపత్రి తేదీ మధ్యలోనే వచ్చింది. మండలం అయ్యాక వెళ్దామన్నాను. బావ తలూపాడు, అమ్మ దణ్ణం పెట్టుకుంది.

ఒకరోజు చెల్లెలు, "అన్నయ్యా, కళ్ళు తిరుగుతున్నాయి, ఈ ఒక్కరోజు నీడలో కూర్చోనా?" అంది. "మధ్యలో మానకూడదమ్మా, ఓర్చుకో" అన్నాను. ఓర్చుకుంది.

నలభై ఒకటో రోజున బెజవాడ తీసుకెళితే, మందు మానిన ఆ రోజుల్లోనే జబ్బు తిరగబెట్టిందన్నారు. పళ్ళెంలో కణాలకు పట్టిన మోతాదు మనిషికిస్తే కాల్షియం పెరిగి ముందు మనిషికే ముప్పని, ఎండతో అంత రానే రాదని అక్కడి పెద్ద డాక్టరు విడమరిచి చెప్పి, "మీరు సైన్సు చెబుతారా?" అని అడిగారు. పక్షం తిరక్కుండానే చెల్లెలు పోయింది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. సైన్సు మాస్టారే కాపాడలేకపోయాడు, ఇంకెవరి వల్ల అవుతుందని బంధువులు నన్నే ఓదార్చారు.

ఇప్పటి పిల్లలు మాస్టారు చెప్పింది కూడా ఫోనులో సరిచూసుకుని, తప్పయితే మొహాన్నే అనేస్తున్నారని, మన రోజుల్లో మాస్టారి మాటకు ఎదురుండేది కాదని నాతో రిటైరైనవాళ్ళు నిట్టూరుస్తుంటారు. నాకైతే వేరేలా తోస్తుంది. నీ మాట తప్పని నా మొహాన్న అనగలిగేవాళ్ళు ఆ రోజుల్లో ఒక్కరున్నా, నా చెల్లెలు బతికేదేమో.