రత్నం సార్ తెల్లగుడ్డ

నిన్న పొద్దున్న ఏడున్నరకి, బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోలో ఉండగా ఫోన్ వచ్చింది.

రత్నం సార్ లేరు.

ఎవరి గురించి చెప్తున్నారో బుర్రకి ఎక్కడానికే కాసేపు పట్టింది. మొన్న సాయంత్రమే కదా సార్ ఫోన్ చేసి, "ట్రక్ టైముకి కదుల్తుందా?" అని ఆరా తీసింది?

నిద్రలోనే పోయారట.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. వెంకటరత్నం గారిది పామర్రు. ముప్పై ఏళ్లు రాకెట్లు ఎగిరే చోట ఇంజిన్లు చూశారు. రిటైరై గుణదలలో ఇల్లు కట్టుకున్నారు. ఖాళీగా కూర్చోవడం చేతకాక మా చిన్న కంపెనీలో చేరారు.

మేం చిన్న శాటిలైట్లు తయారుచేస్తాం. పైకి వెళ్లాక అవి అటూ ఇటూ జరగాలంటే వాటికీ బుల్లి రాకెట్ ఇంజిన్లు ఉండాలి. లాంచ్‌కి పంపేముందు ఆ ఇంజిన్లని శుభ్రం చేసి, బిగించి, చెక్ చేసే క్లీన్ రూమ్ సార్ రాజ్యం.

రాజ్యం అంటే రాజ్యమే. పౌడర్ రాసుకొస్తే "పెళ్లిచూపులా అమ్మా?" అని వెనక్కి పంపేవారు. పూలు, బొట్టు, ఉంగరాలు అన్నీ బయటే. ఒకసారి మా ఎండీ గారితోనే రెండుసార్లు మొహం కడిగించారు.

అన్నీ అయ్యాక తెల్లగుడ్డ. ఇంజిన్ మూసేముందు ప్రతి వాల్వ్ నోటినీ ఒక తెల్లగుడ్డతో తుడిచి, లైటు కింద పట్టి చూసేవారు. గుడ్డ తెల్లగా వస్తేనే సంతకం.

నేను చేరిన మొదటి ఏడాది. శ్రావణ శుక్రవారం. అమ్మ చల్లపల్లి నుంచి నా రూముకొచ్చి, తెల్లారకుండానే వరలక్ష్మీ వ్రతం చేయించి, చేతికి తోరం కట్టింది. తొమ్మిది పోగుల దారం, నిండా పసుపు. ఇవాళంతా తీయకే అంది.

అమ్మకి ఎదురుచెప్పలేను. సార్‌కి అసలే చెప్పలేను. తోరాన్ని స్లీవ్ కిందకి తోసి, పైన గ్లౌజు వేసుకుని లోపలికి వెళ్లిపోయాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, పని మధ్యలో గ్లౌజు చిరిగింది. బయటికెళ్లి మార్చుకోవాలి. బద్ధకించి ఇంజిన్ పక్కనే మార్చేశాను.

మధ్యాహ్నం సార్ గుడ్డ తీస్తే, దాని మీద ఆవగింజంత పసుపుపచ్చ మరక.

అది లోపలి పైపు తుప్పైతే ఇంజిన్ మొత్తం విప్పాలి. నెల రోజుల పని. ఎవరిదో పెద్ద రాకెట్‌లో మా శాటిలైట్‌కి ఓ మూల చోటు దొరికింది. ఆదివారం దాన్ని లాంచ్‌కి మోసుకెళ్లే ట్రక్ కదలకపోతే ఆ చోటు పోతుంది. రాకెట్ మాకోసం ఆగదు.

ఆ మరకేంటో నాకు తెలిసిపోయింది. ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. ఊళ్లో అమ్మేమో కనబడ్డవాళ్లందరికీ మా అమ్మాయి రాకెట్లు చేస్తుందని చెప్పుకుంటోంది.

సార్ బయటికొచ్చి, మాస్కు దించి, గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పది నిమిషాలు టీ తాగి రండి, వచ్చాక విప్పుదాం అన్నారు.

అందరూ వెళ్లారు. నేను వెళ్లలేదు. స్లీవ్ పైకి లాగి చెయ్యి చూపించాను.

"సార్, అది పసుపు. నాదే."

సార్ తిట్టలేదు. రిజిస్టర్, పెన్ను నా ముందుకి జరిపి, చెప్పిందే రాయమన్నారు. గ్లౌజు ఎక్కడ మార్చానో అది కూడా. రాశాను. కింద ఆయన సంతకం పెట్టారు. ఉద్యోగం పోతుందా సార్ అని అడిగాను.

"టీకి వెళ్లుంటే పోయేది."

మరక పోయేదాకా అందరం కలిసి కడిగాం, ఆరబెట్టాం, టెస్టులన్నీ మళ్లీ చేశాం. ఆదివారం సాయంత్రం ట్రక్ కదిలింది. ఆ శాటిలైట్ ఇప్పటికీ పైన తిరుగుతూనే ఉంది.

మరుసటి ఏడాది సార్ కొత్త రూలు పెట్టారు. తోరాలు షిఫ్ట్ అయ్యాకే. సాయంత్రం ఆడపిల్లలందరం గుణదలలో వాళ్లింటికి వెళ్లాలి. సార్ భార్య సుశీల ఆంటీ పూజ చేయించి తోరాలు కట్టేవారు. సార్ పులిహోర వడ్డించేవారు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం, "పసుపు సరిపోయిందా అమ్మా?" అని ప్రతి ఏడూ అడిగేవారు. నేను తల ఎత్తేదాన్ని కాదు.

అక్కడే ఒకసారి ఆంటీ నోరు జారారు. వాసన చూడగానే సార్‌కి తెలిసిపోయిందట. ఆ రోజు పొద్దున్న వాళ్లింట్లోనూ అదే పసుపు కదా.

నాకు ఒళ్లు మండింది. తెలిసి కూడా ఎందుకు ఆగారని సార్‌ని నిలదీశాను. నేను చెప్పకపోయుంటే ఏం చేసేవారు?

"ఇంజిన్ విప్పేవాణ్ణమ్మా. మనిషిని నమ్మలేనప్పుడు, ఆ మనిషి బిగించింది ఎలా నమ్మను?"

పోయినేడు మోకాళ్లు మొరాయించాక సార్ ఇంటిపట్టునే ఉన్నారు. తెల్లగుడ్డ నా చేతికిచ్చి వెళ్లారు. ఇచ్చారన్నమాటే గానీ, రోజూ ఫోన్ చేసి ప్రాణం తీసేవారు. ఆ ఫోన్ ఇక రాదు. అది తట్టుకోలేకపోతున్నాను.

ఇవాళ పదకొండింటికి పామర్రులో అంత్యక్రియలు. ఇవాళే మా కొత్త శాటిలైట్ ట్రక్ ఎక్కాలి. ఎటు వెళ్లాలో తోచక ఆంటీకి ఫోన్ చేశాను.

"నువ్వు రావద్దమ్మా," అన్నారు ఏడుస్తూనే. "పని వదిలేసి వస్తే మీ సార్ ఊరుకోరు."

ఏడుస్తూ క్లీన్ రూమ్‌లోకి వెళ్లకూడదు. అదీ సార్ పెట్టిన రూలే. బయట బెంచీ మీద కూర్చుని అరగంట ఏడ్చాను. మొహం కడుక్కుని, ఆరేదాకా ఆగి, లోపలికి వెళ్లాను.

నాలుగు ఇంజిన్లు. నాలుగు గుడ్డలు. ఒక్కొక్కటీ లైటు కింద పట్టి, మీలాగే రెండుసార్లు తిప్పి చూశాను.

తెల్లగా వచ్చాయి సార్.

మీరడిగారుగా, ట్రక్ టైముకే కదిలింది.

ఇక ఏ కంగారూ లేకుండా హాయిగా నిద్రపోండి. వెళ్లి రండి సార్.