చీర ఉయ్యాలలో పెట్రోలు ట్యాంకు

మూడేళ్ల తర్వాత నాన్న మోటారు సైకిల్ ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన రాలేదు. ఎండిపోయిన వార్నిష్ డబ్బా తెరిచినట్టు ఘాటుగా ఏదో కొట్టింది. టార్చి వేసి చూశాను. అడుగంతా తుప్పు పెచ్చులు. ట్యాంకు అటూ ఇటూ కదిపితే లోపల గలగలమన్నాయి.

నాన్న విత్తనాల కంపెనీలో చేసేవారు. మెదక్ జిల్లా ఊళ్లన్నీ ఆ బండి మీదే తిరిగారు. గుండెపోటు వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక, కిక్కు కొట్టే బండి జోలికి పోవద్దన్నారు డాక్టరు. కంపెనీ వాళ్లు ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు. బండి మాత్రం అమీర్‌పేటలో మేం అద్దెకుండే ఇంటి మెట్ల కింద, గోనెపట్టా కప్పుకుని ఉండిపోయింది. నాన్న దాన్ని అమ్మనివ్వలేదు. అలాగని దాని వైపు చూసేవారూ కాదు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కెమిస్ట్రీ డిగ్రీ చేసి, బాలానగర్‌లో రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ ల్యాబులో చేరి ఏడాదైంది. షిఫ్టు పొద్దున్న ఏడింటికి. ఆ వేళకి వచ్చే బస్సు ఒక్కటే. అది ఆగితే ఆగినట్టు, లేకపోతే లేదు. ఒకరోజు ఆగకుండా పోయింది. ఆటో దొరికి, గేటు దగ్గర దిగేసరికి ఏడూ ఇరవై. మా సూపర్‌వైజర్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఆడపిల్లలకి ఈ షిఫ్టు కష్టమేనమ్మా. ప్యాకింగ్ సెక్షన్‌కి మారిపోండి. అక్కడ తొమ్మిదింటికి వస్తే చాలు" అన్నాడు మెత్తగా.

ల్యాబు వదిలి డబ్బాలకి లేబుళ్లు అంటించమంటున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి నేరుగా మెట్ల కిందికి వెళ్లాను. గోనెపట్టా లాగేశాను.

"ఏంటే అది?" అంది అమ్మ వంటింట్లోంచి.

"బండి బాగుచేయించి నేను నడుపుతాను."

నాన్న పేపరు దించారు. "అది ఆడపిల్లలు నడిపే బండి కాదమ్మా. బరువు. పైగా ట్యాంకు పోయుంటుంది. వదిలెయ్" అన్నారు. తాళంచెవి ఆయన బీరువాలో ఉంది. నేను అడగలేదు. ముందు ట్యాంకు సంగతి చూద్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున్న నాలుగు బోల్టులు విప్పి, ట్యాంకు చంకనేసుకుని పంజాగుట్ట దాకా నడిచాను. నాన్న బండి ఎప్పుడూ బాగుచేసే మెకానిక్ అక్కడ ఉన్నాడు. తెల్లగడ్డం పెద్దాయన. నాన్న బాగోగులు అడిగి, ట్యాంకులోకి ఒక కన్ను పెట్టి చూశాడు.

"బేటీ, గీ టాంకీ ఖతమ్. మొత్తం జంగ్ పట్టింది. కబాడీకి ఏసెయ్."

"కొత్తది దొరుకుతుందా, చాచా?"

"ఈ మోడల్ బందయ్యింది. ఎక్కడ దొరుకుతది?"

"మరి ఇదే మీ బండిదైతే ఏం చేస్తారు?"

"నా బండి అయితే సాఫ్ చేస్తా. మస్తు టైమ్ పడ్తది. నా దగ్గర గంత టైమ్ లేదు. నీ దగ్గరుందా?"

"ఉంది."

డబ్బాలో చెయ్యి పెట్టి పాత నట్లు తీసి నా కొంగులో పోశాడు. అవి లోపల వేసి, కిరోసిన్ పోసి, మూతలు బిగించి ఊపాలట. "ఎంతసేపు?" అని అడిగాను. "చేతులు పడిపోయేదాకా. మళ్ల ఇంకో గంట" అన్నాడు. చివరికి ఇంకో మాట చెప్పాడు. "ఎన్ని ఏస్తున్నవో లెక్క పెట్టుకో. అన్ని బయటికి రావాలె."

లెక్కపెట్టాను. అరవై.

పెట్రోలు కుళాయి ఉండే రంధ్రానికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టిన చెక్క బిరడా కొట్టి, ట్యాంకు ఒళ్లో పెట్టుకుని ఊపడం మొదలుపెట్టాను. పావుగంటకే భుజాలు లాగేశాయి. కిరోసిన్ ఒంపితే మురికి కాఫీలా వచ్చింది. టార్చి వేస్తే తుప్పు ఉన్నచోటే ఉంది. మళ్లీ పోసి, మళ్లీ ఊపాను. అమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది.

"అలా ఊపితే సాయంత్రానికి ట్యాంకు బాగుపడదు గానీ నువ్వు మంచాన పడతావు. లే" అంది.

లోపలికి వెళ్లి పాత నేతచీర తెచ్చింది. వసారా దూలానికి ఒక కొక్కెం ఉండేది. దానికి చీర మడతవేసి కట్టి, పసిపిల్లల ఉయ్యాల వేసింది. అందులో ట్యాంకు పడుకోబెట్టింది. కింద కూర్చుని కాలి బొటనవేలితో చీర అంచు లాగి వదిలింది. నట్లు ఒక్కసారిగా అటు నుంచి ఇటు దొర్లాయి. ఆ చప్పుడుకి పక్క వాటాలో ఉండే ఆవిడ గోడ మీంచి తొంగిచూసి, "ఎవరింటి పాప, వదినగారూ?" అంది. "మా మనవరాలే. ఏడుపు ఆపట్లేదు" అంది అమ్మ, నవ్వకుండా. ఆ ఆదివారం మధ్యాహ్నమంతా నేను కొంతసేపు, అమ్మ కొంతసేపు ఉయ్యాల ఊపాం. అమ్మ ఊపుతూనే చిక్కుడుకాయలు వలిచేసింది. నాన్న లోపల గదిలో రేడియో గొంతు పెంచుకున్నారు.

సాయంత్రం నట్లు ఒంపి లెక్కపెడితే యాభై తొమ్మిది. ఆ ఒక్కదాని కోసం ట్యాంకు తలకిందులు చేసి, పక్కకి వంచి, గుద్ది, ముప్పావు గంట కుస్తీ పట్టాను. చివరికి అది కుళాయి రంధ్రంలోంచి ఠక్కున కింద పడింది.

పెచ్చులు పోయాయి గానీ ఎర్రటి పొర మిగిలింది. దానికి మందు నాకు తెలుసు, కెమిస్ట్రీ చదివినదాన్ని కదా అనుకున్నాను. తర్వాతి ఆదివారం, ముందు సబ్బునీళ్లతో కిరోసిన్ జిడ్డు వదలగొట్టాను. బాత్రూము కడిగే యాసిడ్ నీళ్లలో కలిపి పోసి, పెరట్లో దూరంగా పెట్టాను. బుడబుడమని పొంగింది. గంట తర్వాత ఒంపి, నాలుగు బకెట్ల నీళ్లతో కడిగి, టార్చి వేశాను. కొత్త స్టీలు గిన్నెలా తెల్లగా మెరిసింది. అమ్మని పిలిచి చూపించాను. మూత తెరిచి, ఆరడానికి ట్యాంకుని వసారాలో బోర్లించి, వెళ్లి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్న డ్యూటీకి వెళ్లేముందు చూశాను. లోపలంతా నారింజరంగు. ఒక మూల కాదు, ఒక మచ్చ కాదు, మొత్తం. ట్యాంకు ముందు అలాగే చతికిలబడ్డాను. బస్సు టైమైపోతోందని తెలుసు, లేవబుద్ధి కాలేదు. రెండు ఆదివారాల కష్టం ఒక్క రాత్రిలో ఎలా పోయిందో అర్థంకాలేదు. ఏడుపొచ్చింది.

వెనక నాన్న చెప్పుల చప్పుడు వినిపించింది.

"నీళ్లతో కడిగి అలాగే వదిలేశావా?" అన్నారు.

తల ఊపాను.

"యాసిడ్ తాగిన ఇనుము పచ్చి పుండులాంటిది. గాలి తగిలితే చాలు, తుప్పెక్కుతుంది. వంటసోడా కలిపిన నీళ్లతో యాసిడ్ విరగ్గొట్టాలి. ఆ వెంటనే మరిగే నీళ్లు పోసి తిప్పితే రేకు వేడెక్కి దానంతటదే ఆరుతుంది. ఆరిన నిమిషంలోనే ఆయిలు పట్టించాలి."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నీకు విసుగొచ్చి మానేస్తావనుకున్నాను. మానేస్తే బాగుండుననీ అనుకున్నాను. ఆ రోడ్డు మీద నిన్ను ఊహించుకుంటే భయం" అన్నారు. ఆయన నోట భయమనే మాట నేను అంతకుముందు వినలేదు, ఆస్పత్రిలో కూడా.

"నేను మానను నాన్నా" అన్నాను. "సరే, ముందు బస్సెక్కు" అన్నారు.

మూడో ఆదివారం ఇద్దరం చేశాం. ఈసారి యాసిడ్ ముప్పావు గంటే ఉంచాం. సోడానీళ్లు నేను పోశాను. అమ్మ గుండిగతో మరిగే నీళ్లు దించి ఇచ్చింది. చేతులకి పాత తువ్వాళ్లు చుట్టుకుని ట్యాంకు తిప్పి ఒంపాను. లోపల్నుంచి ఆవిరి పోతుంటే నాన్న నోటితోనే "ఒకటి, రెండు..." అని లెక్కపెడుతూ నిలబడ్డారు. అరవై దాకా వచ్చాక "ఊఁ, పోసెయ్" అన్నారు. ఆయిలు పోసి అన్ని మూలలకీ పాకేలా దొర్లించాను. మర్నాడు చూస్తే తెల్లగానే ఉంది. ఆ మర్నాడూ అంతే.

కానీ నీళ్లు నింపి పరీక్షిస్తే అడుగున ఒక చోట చెమట పట్టినట్టు బొట్టు కనిపించింది. తుప్పు మూసిన సూదిబెజ్జం, తుప్పు పోయాక తెరుచుకుంది. ట్యాంకు మళ్లీ పంజాగుట్టకి మోసుకెళ్లాను. చాచా లోపల టార్చి వేసి, మూతి దగ్గర వేలు పెట్టి రుద్ది, వేలు చూసుకున్నాడు. మరక లేదు.

"ఎవరు చేసిండ్రు?"

"నేనే. అమ్మా నాన్నా సాయం పట్టారు."

"గీ బెజ్జానికి ఫికర్ చెయ్యకు" అని, ట్యాంకు సబ్బునీళ్లతో మళ్లీ కడిగి, బెజ్జం పైకి వచ్చేలా పెట్టి, దాని కింది దాకా నీళ్లు నింపాడు. పెట్రోలు ఆవిరి ఒక్క పిసరు మిగిలినా ప్రమాదమని చెప్పాడు. కాల్చిన రాగికడ్డీతో తగరం కరిగించి బెజ్జం మూసి, నీళ్లు ఒంపి, ఆరగానే మళ్లీ ఆయిలు పట్టించాడు. పక్కన టీ తాగుతున్న ఇద్దరు మెకానిక్‌లని పిలిచి, "జర చూడుండ్రి, ఈ పిల్ల సాఫ్ చేసిన టాంకీ" అని చూపించాడు. నాకు డిగ్రీ వచ్చిననాడు కూడా అంత గర్వం కలగలేదు.

బండి బిగించాక నాన్న తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎస్.ఆర్. నగర్‌లో ఖాళీ మైదానంలో నెలరోజులు పొద్దున్నే నేర్పించారు. ఆయన గట్టు మీద కూర్చుని అరిచేవారు. నేను రెండుసార్లు పడ్డాను. ఒకసారి మోకాలు చీరుకుపోతే చూసి, "బ్రేకు ముందు, ఏడుపు తర్వాత" అన్నారు.

మొదటివారం బండి ఎర్రగడ్డ దగ్గర రెండుసార్లు ఆగింది. ఏ మూలనో మిగిలిన నలుసులు కుళాయి జాలీలో అడ్డంపడ్డాయి. మొదటిసారి చుట్టూ జనం మూగారు. నేను కుళాయి విప్పి, జాలీ ఊది, బిగించి, కిక్కు కొట్టాను. మూడో కిక్కుకి అందుకుంది. రెండోసారి ఎవరూ మూగకముందే బయల్దేరాను.

మొదటిరోజే ఫ్యాక్టరీకి ఏడుకి పది నిమిషాల ముందు చేరాను. ఆడవాళ్ల సైకిళ్లకి ఒక షెడ్డు, మగవాళ్ల స్కూటర్లకి ఒక షెడ్డు ఉండేవి. వాచ్‌మన్ నన్నూ బండినీ మార్చి మార్చి చూసి, ఎటు పంపాలో తేల్చుకోలేకపోయాడు. నేనే సూపర్‌వైజర్ స్కూటర్ పక్కన స్టాండు వేశాను. ప్యాకింగ్ సెక్షన్ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఆ బండి ఆరేళ్లు నడిపాను. నాన్న మాత్రం నా వెనక ఎక్కడానికి ఏడాది పట్టింది. కళ్లజోడు మార్చుకోవాలి, పంజాగుట్ట దాకా దింపు అన్నారొక శనివారం. ఎక్కి, నా భుజం పట్టుకోకుండా వెనక క్యారియర్ పట్టుకున్నారు. ఎత్తు ఎక్కుతుంటే ఇంజను ముక్కింది. "గేరు తగ్గించు" అన్నారు. అప్పటికే తగ్గించాను.