కొమ్ముపురుగులకి నేను పెట్టిన విందు

నాకు ఊరందరి ముందూ శాలువా కప్పి సన్మానం చేశారండి. ఆ పూటే మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. రెంటికీ కారణం ఒక ప్లాస్టిక్ బకెట్టు. చెబుతాను, నవ్వితే నవ్వండి గానీ ఆవిడకి వినపడేలా మాత్రం నవ్వకండి.

కొన్నేళ్ల కిందట మా గోదారి లంకలో కొబ్బరితోటల మీదికి కొమ్ముపురుగు దండెత్తింది. చెట్టు మొవ్వులో దూరి లేత ఆకుని నమిలి పారేసే నల్ల పురుగది. దాన్ని పట్టడానికి గవర్నమెంటు వాళ్లు రైతుకో బకెట్టు ఇచ్చారు. మూతకి చిన్న వాసన ప్యాకెట్టు వేలాడుతుంది. ఆ వాసనకి పురుగులు ఎగిరొచ్చి, అడుగునున్న నీళ్లలో పడి చస్తాయి.

తోటల ఆఫీసు సుజాత, ఒకప్పుడు నా దగ్గర సైన్సు చదువుకున్న పిల్లే, మరీ మరీ చెప్పింది. "తోట చివర, గట్టు మీద కట్టండి మాస్టారండీ. లేత మొక్కలకి దూరంగా ఉండాలి."

"అలాగేనమ్మా" అన్నాను. అనడానికేం, ఎవరేం చెప్పినా అలాగే అంటాను.

ఆ పిల్ల వారం వారం బకెట్లన్నీ చూసి, పడ్డ పురుగుల ఫొటోలు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేది. పక్కతోట సత్తిబాబు బకెట్టు నిండా పురుగులే. నా బకెట్లో నాలుగు చీమలు, ఒక కప్ప.

"ఏంటండీ మాస్టారూ, మీ తోటకి పురుగులు కూడా రానంటున్నాయా?" అన్నాడు సత్తిబాబు, టీకొట్టు దగ్గర పదిమందీ వినేలా.

ఒళ్లు మండిపోయింది. పురుగు లేదని సంతోషించాల్సింది పోయి అవమానపడ్డాను! నేనండీ, పిల్లలకి సైన్సు చెప్పింది!

మర్నాడే రావులపాలెం వెళ్లి మిగలముగ్గిన అరటిపళ్ల గెల తెచ్చాను. అందులో ఇంత బెల్లం, కాస్త తాటికల్లు కలిపి బకెట్లో పోశాను. కొత్తల్లుడికి కూడా మా ఇంట్లో అంత మర్యాద జరగలేదు. అక్కడితో ఆగానా? బకెట్టుని గట్టు మీంచి పీకి, తోట నడిమధ్య, మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చి బిందెలతో నీళ్లు మోసి పెంచుకున్న పొట్టి కొబ్బరి మొక్కల మధ్య కట్టాను.

"ఏవండీ, సుజాత దూరంగా కట్టమంది కదా?"

"నీకు తెలీదు, ఊరుకో. లేత మొక్కలుంటే ఇంకా ఆశగా వస్తాయి."

"వచ్చి?"

"బకెట్లో పడతాయి."

"పడకపోతే?"

"పడకపోవడమేంటే, గవర్నమెంటు బకెట్టు!"

వచ్చాయండీ. పొద్దుగూకితే చాలు, గుయ్యిమంటూ బారులు తీరి వచ్చాయి. నా బకెట్టు పొంగింది, సత్తిబాబు బకెట్టు ఎండింది. సుజాత వచ్చేదాకా ఆగలేక ఆ ఫొటో నేనే గ్రూపులో పెట్టేశాను, ఇక నాకు దండాలూ చప్పట్లూ. వారం తిరక్కుండా పెద్దాఫీసరే మా తోటకొచ్చి శాలువా కప్పాడు.

సత్తిబాబు మైకు అందుకున్నాడు. "మాస్టారి మేలు మర్చిపోలేనండి. ఆయన పుణ్యమా అని నా తోటలో పురుగన్నది లేదు. అన్నీ ఇటే వచ్చేశాయి!"

అందరూ చప్పట్లు కొట్టారు, సుజాత తప్ప. ఆ పిల్ల నా వెనక మొక్కల్ని చూస్తోంది. ఆకులన్నీ కత్తెర పెట్టి కత్తిరించినట్టున్నాయి.

"మాస్టారండీ, బకెట్లో పడ్డవి కొన్నేనండి. మిగతావి ఇక్కడే భోంచేశాయి" అంది మెల్లిగా.

కాఫీలు తెచ్చిన మా ఆవిడ ట్రే కింద పెట్టేసింది. ఒక్కో మొక్క దగ్గరికీ వెళ్లి మొవ్వు పట్టుకుంటే, పట్టుకున్నది పట్టుకున్నట్టే చేతిలోకి ఊడొచ్చింది. చిట్టచివరి మొక్కది మాత్రం రాలేదు. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

తిన్నగా నా దగ్గరికొచ్చి, భుజం మీది శాలువా లాగి, ఆ మొక్కకి కప్పింది.

"ఆఫీసరు గారూ, సన్మానం దీనికి చెయ్యండి. పురుగుల్నీ, ఈయన్నీ కూడా తట్టుకుని బతికింది."

ఆ శాలువా కప్పుకున్న మొక్క సాక్షిగా ప్రమాణం చేస్తున్నానండి. ఈ జన్మలో పురుగుల దగ్గర సత్తిబాబుని మించను. నా బకెట్లో చీమలూ కప్పే పడుగాక, ఆ ఫొటో చూసి ఊరు ఊరంతా నవ్వుగాక, తిరిగి గట్టు మీద కట్టిన బకెట్టుని ముట్టను గాక ముట్టను.