మా తోటకి రండి అన్నందుకు

పరువు పోతే ఏ ఊళ్లోనో, ఎవరింట్లోనో పోవాలి. నాది మొన్న విస్సన్నపేట రోడ్డులో, మా సొంత తోట గేటు దగ్గరే పోయింది. అదీ అంతర్జాతీయ స్థాయిలో.

నేను ప్రభుత్వ టీవీకి రైతుల ప్రోగ్రాములు తీస్తానని తెలుసుగా. మాలాంటి వాళ్లందరికీ విజయవాడలో పెద్ద కాన్ఫరెన్స్ పెట్టారు. దేశదేశాల నుంచి వచ్చారు. మన ప్రోగ్రాం వేసి, తర్వాత మనల్ని స్టేజి మీద నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. నాది నూజివీడు మామిడి మీద. "మా తోటకొచ్చిన అతిథి తన చేత్తో కాయ కోసుకోవాల్సిందే" అని అందులో నా గొంతుతోనే గొప్పగా చెప్పాను. నార్వే నుంచి వచ్చిన ఇంగ్రిడ్ అనే ఆవిడ లేచి, ఇది నిజమైతే మా ఛానల్లో వేస్తాం అంది. ఇన్నేళ్ల సర్వీసులో నా ప్రోగ్రాం జిల్లా దాటలేదు. సంతోషం పట్టలేక, ఒకసారి మా తోటకి రండి అనేశాను.

ఆ మాట మనం ఎంతమందితో అనం? బస్సులో పక్క సీటాయనతో కూడా అంటాం. ఎవరైనా వస్తారా? ఆవిడ అక్కడే డైరీ తీసి రేపు ఉదయం అని రాసుకుంది. ఇంకో పదిమంది చేతులెత్తారు.

ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ అసలు సంగతి గుర్తు చేసింది.

"పూత మీదే ఈ ఏటి కాపంతా షావుకారు గారికి అమ్మేశాం కదండీ. కోత అయ్యేదాకా తోట ఆయనదే. మనం పచ్చడికాయలు కూడా బజార్లో కొంటున్నాం."

నాకు తెలియక కాదు. చప్పట్లలో గుర్తు రాలేదు.

షావుకారు గారు ఫోనెత్తలేదు. మర్నాడు మేం వ్యాను దిగేసరికి ఆయనే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కకి పిలిచి, తలా ఒక్క కాయేనండీ అని బతిమాలాను.

"ఇవాళ మీరు కోయిస్తే రేపు మీ బావమరిది వస్తాడు. కోత అయ్యేదాకా మీరు కూడా బయటివారేనండీ," అన్నారాయన.

ఏమంటున్నారని ఇంగ్రిడ్ అడిగింది. కాయ ఇంకా కోతకి రాలేదట అన్నాను. అదే నిమిషంలో లోపల్నుంచి ట్రాక్టరు నిండా కాయలు బయటికొచ్చాయి.

ఇక నిజం చెప్పక తప్పలేదు. తోట నాదే, లోపలికెళ్లే హక్కు మాత్రం లేదని ఇంగ్లీషులో చెబుతుంటే ఏడుపొచ్చింది. వాళ్లు నన్ను ఓదార్చలేదు, కెమెరాలు తీశారు. షావుకారు గారు కండువా సర్దుకుని గాలివానల గురించి, తెగుళ్ల గురించి చెప్పుకొచ్చారు. నేను పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పాను. ఆ ఉత్సాహంలో ఆయనే గేటు తీసి, వీళ్లు నా అతిథులు అని ప్రకటించి, అందరి చేతా తలా ఒక కాయ కోయించారు. నేను చెయ్యి చాపితే, మీకు హోల్‌సేల్ రేటుకే ఇస్తానన్నారు.

నిన్న నార్వే నుంచి మెయిలొచ్చింది. నా ప్రోగ్రాం వద్దట. గేటు దగ్గర తీసిందే వేస్తారట. వచ్చే ఏడు కాన్ఫరెన్స్‌లో మాట్లాడటానికి షావుకారు గారిని పిలిచారు. నన్నూ రమ్మన్నారు లెండి. ఆయనకి ఇంగ్లీషు రాదుగా.