ఆరు తాడుపోగులు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పిల్లల మాటకు సాక్ష్యం తాడుపోగు. బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను.

మాది తమిళనాట ధర్మపురి దగ్గర, నల్లంపల్లి దాటాక హైవే నుంచి లోపలికి వెళ్ళే పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పశువులే బతుకు. వానలు మొదలయ్యే ముందు పశువుల డాక్టరు ఏడాదికి ఒక్కరోజు వచ్చి, గొంతువాపు జబ్బు రాకుండా ఆవులకు ఊసి వేసి వెళ్ళేవాడు. సూదిమందును మేము ఊసి అంటాం. ఆ జబ్బు పొద్దున కనిపిస్తే సాయంత్రానికి ఆవు ఉండదు. డాక్టరు వచ్చే రోజు తెలుపుతూ పాల సొసైటీ గోడకు తమిళంలో ఒక కాగితం అంటించేవారు. దాన్ని చదవగలిగిన పెద్దవాళ్ళు మా ఊళ్ళో వేళ్ళమీద లెక్క. అందుకని ఇంటింటికీ వెళ్ళి చెప్పే పని పిల్లలం తీసుకున్నాం. మమ్మల్ని ఎవరూ పురమాయించలేదు. పక్కింటి అక్క అప్పుడు పదకొండో తరగతి. ఆమె మా పన్నెండు మంది పిల్లల్ని కూడగట్టి, ఒక్కొక్కరికి ఒక వరుస ఇళ్ళు పంచింది. చెప్పిన ప్రతి ఇంట్లోనూ ఆవును కట్టే పలుపు నుంచి ఒక పోగు లాగి ఇమ్మని అడిగి, ఆ పోగులన్నీ ఒక పుల్లకు కట్టుకుని రావాలి. పోగు ఇచ్చారంటే మాట విన్నారని, ఆవును తోలుకొస్తారని అర్థం. ఈ పద్ధతి పెట్టింది మా తాతయ్య. ఆయన తాళ్ళు పేనేవాడు.

నాకు పద్నాలుగేళ్ళు. నా వాటాకు పైమిట్ట వచ్చింది. గుట్ట వాలులో దూరం దూరంగా ఆరు ఇళ్ళు. ఎక్కడానికి ముప్పావు గంట పడుతుంది. చివరి ఇల్లు ఒక అవ్వది. ఆమెకు ఉన్నది ఒకే ఒక్క చూడి ఆవు. మగదిక్కు లేని ఆ ఇంటికి ఆ ఆవే సంపాదించే మనిషి.

డాక్టరు రాకకు ముందురోజు సాయంత్రం నేను బయలుదేరిన మాట నిజం. గుట్ట దారి ఎక్కేలోపే, హైవే మీద మామిడిపళ్ళ లారీ టైరు పేలి ఒరిగిందని కేకలు వినిపించాయి. కాసేపు చూసి వెళదామనుకున్నాను. రోడ్డంతా పళ్ళు. చొక్కా నిండా ఏరుకుని, కాలవ గట్టున కూర్చుని తిన్నాను. తల ఎత్తేసరికి పొద్దు వాలుతోంది. ఇక గుట్ట ఎక్కబుద్ధి కాలేదు. మా కొట్టంలో వేలాడుతున్న పలుపు నుంచి ఆరు పోగులు లాగి, పుల్లకు కట్టుకున్నాను. వాళ్ళకు ఎలాగూ తెలిసే ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పు చేసే ముందు మనిషి తనకు చెప్పుకునే మాటలు ఎంత మెత్తగా ఉంటాయో అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున పాల సొసైటీ ముందు అందరం పుల్లలు అప్పగించాం. తాతయ్య ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి చూస్తున్నాడు. నా పుల్ల దగ్గర ఆయన బొటనవేలు ఆగింది. మళ్ళీ ఒకసారి తడిమాడు.

"పైమిట్టలో ఇంత మెత్తటి తాడు ఎవరు పేనినార్రా?"

అంతకు మించి అడగలేదు. పైమిట్టలో గోగు పండదు. అక్కడ కంచెలకు కిత్తనార మొక్కలే. ఆ నారతో పేనే వాళ్ళ తాళ్ళు గరుగ్గా, పట్టుకుంటే అరచేయి దురద పెట్టేలా ఉంటాయి. మా ఇంటి పలుపు గోగునారతో పేనింది. తాళ్ళు పేనేవాడి మనవణ్ణయి ఉండి, ఆ మాత్రం తట్టలేదు నాకు.

"తెలీదు తాతా. ఇచ్చినారు, తెచ్చినాను," అన్నాను. అది రెండో అబద్ధం. మొదటిది పోగులతో చెప్పాను, ఇది నోటితో.

"శరి," అన్నాడు ఆయన. "డాక్టరు సారు పోయేలోపల దిగొస్తారు కదా. చూస్తాం."

డాక్టరు ఎనిమిదిన్నరకు వచ్చాడు. మందు సీసాలు మంచుపెట్టెలో ఉన్నాయి. మంచు కరిగితే మందు పనికిరాదని, పన్నెండు దాటితే తాను ఉండలేనని ముందే చెప్పాడు. ఆవులు వరుసగా వస్తున్నాయి. అక్క పిలుస్తోంది, పిల్లలు మూతులు పట్టుకుని నిలబెడుతున్నారు. నేను మాత్రం గుట్ట దారివైపే చూస్తున్నాను. అక్కడ దుమ్ము లేవడం లేదు. తాతయ్య సొసైటీ అరుగు మీద కూర్చుని, దారిని కాకుండా నన్ను చూస్తున్నాడు. మంచుపెట్టె కింద నీటి మడుగు పెద్దదవుతోంది. చెప్పేద్దామని రెండుసార్లు లేచాను. చుట్టూ ఉన్న పిల్లల్ని చూసి మళ్ళీ కూర్చున్నాను.

"ఏమిరా, పైమిట్టోళ్ళు ఆవుల్ని తోలుకొస్తా ఉండారా, మోసుకొస్తా ఉండారా?" అని ఒకడు నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్యనే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను పోలేదక్కా," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. అప్పటికి పది కావస్తోంది. అక్క నా ముఖంలోకి చూసింది. చెంప మీద కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"తిట్టేది రేపు. ఇప్పుడు పరిగెత్తు," అంది.

ఆ తర్వాత ఆమె చేసింది తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఊపిరి తీసుకున్నంతసేపట్లో పని పంచేసింది. కాళ్ళలో సత్తువ ఉన్న నలుగుర్ని నాతో గుట్టకు తోలింది. ఒకణ్ణి సోడా కొట్టుకు పంపి, మంచుగడ్డ తెచ్చి పెట్టెలో వేయించింది. తాను డాక్టరు దగ్గరకు వెళ్ళి, ఎవరి పేరూ ఎత్తకుండా, "మా పిల్లల తప్పు సార్, ఇంకో అరగంట ఉండండి," అని తమిళంలో బతిమాలింది. నా తప్పును మా పిల్లల తప్పు చేసింది. ఆ మాట నాకు తర్వాత తెలిసింది.

అయిదు ఇళ్ళ ఆవులు దిగివచ్చాయి. చివరి ఇంటికి నేనే వెళ్ళాను. గుంజ దగ్గర కిత్తనార పలుపు ఖాళీగా పడి ఉంది. అవ్వ ఆవును తోలుకుని గుట్ట అవతలికి మేతకు పోయింది. కొండ కొమ్ము మీద నిలబడి గొంతు పోయేలా అరిచాను. గాలి ఎదురుగా కొడుతోంది. పన్నెండున్నర దాటాక కింద డాక్టరు జీపు కదిలిన చప్పుడు వినిపించింది.

మొదటి వానలు పడిన వారంలోనే అవ్వ ఆవు చనిపోయింది. కడుపులో దూడ కూడా. ఊసి వేసినా కచ్చితంగా బతికేదని చెప్పలేమని డాక్టరు తర్వాత అన్నాడట. నాకోసం అన్నట్టు ఆ మాట చాలామంది చెప్పారు. నేను ఎప్పుడూ దాని వెనక దాక్కోలేకపోయాను.

తాతయ్య నన్ను పైమిట్టకు తీసుకువెళ్ళాడు. అవ్వ గడపలో కూర్చుని ఉంది. ముందురోజు చెప్పడానికి నేను రాలేదని, దొంగ పోగులు కట్టానని ఒక్కొక్క మాటే చెప్పాను. అప్పుడు తాతయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వీడొక్కడే కాదమ్మా. నాకు పొద్దున్నే తెలిసిపోయింది. వీడి నోట్లోంచే రావాలని గంటకు పైగా కాచుకుని కూచుంటి. వీడికి బుద్ధి చెప్పాలని నీ ఆవును పెట్టుబడి పెట్టేస్తిని."

పెద్దవాళ్ళు అలా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. నాకు ఆ రోజు పాఠం నేర్పింది ఆయన వేసిన ఎత్తు కాదు. ఆ ఎత్తు తప్పిందని ఆయన తల వంచుకుని ఒప్పుకోవడం.

అవ్వ మా ఇద్దరినీ చూసింది. లేచి, గుంజకున్న పలుపు నుంచి ఒక పోగు లాగి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు వచ్చినావు కదా. ఇంద."

అరచేయి దురద పెట్టింది. దిగి వచ్చేదాకా గుప్పిట విప్పలేదు.

మరుసటి సంవత్సరం అక్క వరుసలు పంచుతుంటే పైమిట్ట నాకే ఇమ్మని అడిగాను. ఎవరైనా వద్దంటారేమోనని భయపడ్డాను. "వాడికి దారి తెలుసు," అని మాత్రం అంది అక్క. అవ్వకు ఒక పెయ్యదూడ దొరికిన సంగతి కూడా చెప్పాలి. పిల్లలం పన్నెండు మందిమి ఊరంతా తిరిగి అడిగితే, రెండు దూడలున్న ఒక ఇంటివాళ్ళు అవ్వకు ఒకదాన్ని ఇచ్చారు. అడగడానికి మొదటి గడప నేనే ఎక్కాలని అక్క పట్టుబట్టింది. ఆ తర్వాత ఊళ్ళో ఏ కష్టం వచ్చినా పెద్దలు ముందు "పిల్లోళ్ళు ఏడ?" అని అడగడం మొదలైంది. అక్క పెద్దయ్యాక పంచాయతీ ప్రెసిడెంటు అయింది. ఓటు అడగడానికి ఆమెకు ఏ ఇంటికీ దారి కనుక్కోవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఈ మధ్య ఆవులకు బొబ్బల జబ్బు వచ్చినప్పుడు ఈ కాలం పిల్లలు ఫోన్లు పట్టుకుని అదే పనికి దిగారు. పోగులు లేవు, గడప ముందు ఫోటో తీసి పంపుతారు. సొసైటీ అరుగు మీద వాళ్ళ పక్కన నేనూ ఊరికే కూర్చుంటాను. ఒక పొద్దున, డాక్టరు ఇంకా రాకముందే, తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల తల దించుకుని నా దగ్గరకు వచ్చింది.

"తాతా, పైమిట్టలో రెండిండ్లకు పోలేదు. పాత ఫోటోలు పెట్టేస్తిని."

నా అరచేయి దురద పెట్టింది. ఆ పిల్ల నాకంటే గంటన్నర ముందు చెప్పింది. ఆ గంటన్నర విలువ ఎంతో ఆమెకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

"తిట్టేది రేపు," అంటూ కర్ర అందుకుని లేచాను. "నడువు, నేనూ వస్తా."