నా జానతో కొలిచిన స్టూలు

కల్హేర్‌లోని నా కుట్టు షాపులో ఒకామెకు జాకెట్టు కొలతలు తీస్తుండగా ఫోన్ వచ్చింది. "మన పని సారు పోయిండే," అంది నాతోపాటు చదువుకున్న స్నేహితురాలు. ఏడుపు కంటే ముందు నాకు ఊరట కలిగింది. పక్షవాతంతో మంచం పట్టిన మనిషి నిద్రలోనే వెళ్లిపోయారు. పైగా ఆయన్ను తినేసిన దిగులు అప్పటికే తీరింది.

నారాయణఖేడ్‌లో మా బడి వెనక ఒక రేకుల గది ఉండేది. రంపాలు, సుత్తులు, చెక్క ముక్కలు, తిరగని ఫ్యాన్లు. ఎనిమిదో తరగతిలో సారు అక్కడ మాతో వస్తువులు చేయించేవారు; అందుకే ఆయన మాకు పని సారు. ఎవరి కోసమో చెప్పందే రంపం ముట్టనిచ్చేవారు కాదు. "కూసునేటోళ్లను అడిగి చెయ్యుండ్రి," అనేవారు.

బడిలో వంట చేసే అక్కకు స్టూలు చేయడం మా మొదటి పని. నలుగురం తలా ఒక కాలు పంచుకున్నాం. ఉన్న ఒక్క టేపునూ మగపిల్లలు పట్టుకుపోయారు. ఏముందిలే అని ఎవరికి వాళ్లం రెండు జానలు కొలిచి కోసేశాం. బిగించి చూస్తే స్టూలు ఒకటే ఊగుడు. మేం పోట్లాడుకుంటుంటే సారు దాని మీదే కూర్చుని, ఊగుతూనే పాఠమంతా చెప్పారు!

చివర్లో అన్నారు: "ఎవ్వల తప్పూ లేదు. నాలుగు చేతులు, నాలుగు జానలు. ఇగ ఒక్కటే జాన పెట్టుకోండ్రి. గా పొట్టిదానిది."

పొట్టిదాన్ని నేనే. "నాదే ఎందుకు సారూ?" అని ఉడుక్కున్నాను.

"పొడుగు కాలైతే కోస్తం. పొట్టి కాలును సాగదీస్తమా, పిచ్చి పోరీ?"

నా జానకు సరిపడా ఒక కర్ర కోసి గోడకు వేలాడదీశారు. ఆ తర్వాత ఎవరొచ్చినా గదిలో అదే కొలత. ఇవాళ బట్ట కత్తిరించే ముందు నా చెయ్యి ఒకసారి ఆగుతుందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

సారు రిటైరయ్యాక గదికి తాళం పడింది. మంచంలో ఉండి కూడా, నేను చూడబోయినప్పుడల్లా అదే మాట: "గది ఏమాయె బిడ్డా? రంపాలు తుప్పు పట్టినయా?"

ఈమధ్య బడికి వచ్చిన కొత్త మేడం ఆ తాళం తీయించింది. సారుకు స్నానం చేయించడం కష్టమవుతోందని ఆయన భార్య, మేమంతా అమ్మ అని పిలిచే ఆమె, చెబితే, కూర్చోబెట్టి స్నానం చేయించేందుకు స్టూలు చేయిద్దామని మేడం ఎనిమిదో తరగతి పిల్లల్ని ఇంటికే తీసుకొచ్చింది. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఒక పిల్ల సారు మడమ నుంచి మోకాలి దాకా నా జాన కర్ర పెట్టి కొలిచింది. "గింత ఎత్తు చాలునా తాతా? ఆనుకోనీకి వెనక పట్టె కావాల్నా?" అని అడిగింది. సారు నా వైపు చూసి నవ్వారు. మూతి వంకరపోయినా అది పాత నవ్వే.

స్టూలు వచ్చాక ఆయన్ను దాని మీద కూర్చోబెట్టాం. కావాలనే అటూ ఇటూ ఊగి చూశారు. అది కదల్లేదు. "ఇగ పరేషాన్ లేదు," అన్నారు. మళ్లీ గది సంగతి అడగలేదు.

సమాధి చేసి వచ్చాక ఇంటి నిండా జనం, కుర్చీలు చాలలేదు. అమ్మ ఆ స్టూలు తెచ్చి వాకిట్లో వేసుకుంది. ఏడుస్తూ ముందుకు వంగింది, పక్కకు ఒరిగింది, వెనక్కి వాలింది. నాలుగు కాళ్లూ నేల విడవలేదు.